కోసివేసిన చివరి చరణం

సిడ్నీలోని ఒక రికార్డు సంస్థ జోజయ్యగారి పాటల్లో చివరి చరణాలను కోసివేసి, అట్టమీద ‘అజ్ఞాత గాయకుడు’ అని అచ్చువేసింది.

ఆయన ఆ నగర శివారు క్వేకర్స్ హిల్‌లో ఉంటారు. ఆసుపత్రిలో నేలలు తుడుస్తారు. యౌవనంలో కాకినాడ రేవులో మూటలు మోస్తూ, ఒక నల్లజాతి అమెరికన్ నావికుడి దగ్గర గిటారు తీగలపై సీసా మెడ జార్చి పల్లె బ్లూస్ అనే వాళ్ల జానపద సంగీతం వాయించడం నేర్చారు. దానికి తెలుగు మాటలు కట్టారు. మన పాతకాలపు కీర్తనకారుల్లాగే ప్రతి పాట చివరి చరణంలో తన పేరూ, తన ఊరు తాళ్ళరేవు పేరూ చెప్పుకున్నారు. 1989లో ఆ సంస్థవారు ఆయన వంటగదిలోనే కూర్చుని వాటిని రికార్డు చేశారు.

రెండేళ్ల తరువాత రికార్డు ఇంటికి వచ్చింది.

“ఏవండీ, మీ పేరు దగ్గరకొచ్చేసరికి పాట ఆగిపోతందేంటి?” అన్నారు భార్య సుగుణకుమారి.

“టైమ్ చాల్లేదేమోలే, సుగుణా.”

“గొంతుకి చాలిన టైము పేరుకి చాల్లేదా?”

వారి పొరుగున ఉండే నేను ఫోన్ చేస్తే, రికార్డింగులో పేరేదీ లేదని సంస్థ జవాబిచ్చింది.

ఇక ఆ సంస్థవారికే చెబుతున్నాను: అయ్యా, సాక్ష్యాన్ని చెరిపినవారికి సాక్ష్యం లేదని వాదించే హక్కు లేదు. ఆ ప్రతులన్నిటినీ వెనక్కి తీసుకోండి. చివరి చరణాలను తిరిగి చేర్చండి. అట్టమీద తాళ్ళరేవు జోజయ్య అని ముద్రించండి.