కొల్లేటి మంచులో నాలుగో కయాక్

ముందే చెప్పేస్తాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది జరిగాక కూడా లేదు. మా నాన్న పాస్టరు. మేముండే ఇంటి గోడకి అవతలే సమాధుల తోట. మా చిన్నప్పటి ఆటలన్నీ అక్కడే. ఫలానా చోట ఏదో ఉందంటే, పదండి చూసొద్దాం అనే రకం నేను. తాడేపల్లిగూడెంలో ఒక స్కూల్లో పి.ఇ.టి. టీచర్‌గా చేస్తున్నాను.

కొల్లేట్లో కయాక్ నడపడం కొన్నేళ్లుగా నాకు అలవాటు. కయాక్ అంటే ఒక్క మనిషి కూర్చునే సన్నటి పడవ. రెండు చివర్లా వెడల్పుగా ఉండే తెడ్డుతో నడుపుతాం. ఏలూరులో ఉండే ప్రసాద్ గారు, బ్యాంకు ఉద్యోగి, ఎంతో ముచ్చటపడి మూడు కొనుక్కున్నారు. సెలవు రోజుల్లో వాటిని కారు మీద కట్టుకుని వెళ్తుంటాం.

ఆ శీతాకాలం ఒక పని పెట్టుకున్నాం. పక్షుల్ని చూడడానికి వచ్చేవాళ్లు కొంత దూరం గట్ల మీద నడిచి, కొంత దూరం తెడ్డు వేసుకుంటూ వెళ్లడానికి ఒక మంచి దారి చూసి పెట్టాలని. అటవీశాఖ వాళ్ల అనుమతి తీసుకుని, కలిదిండి వైపున్న ఒక గట్టు దగ్గర మొదలుపెట్టాం.

మూడో మనిషి మా రూతు వదినగారు. మా ఆయనకి అక్క. నర్సుగా చేసి రిటైరయ్యారు. "ఇంట్లో ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు సునీతా" అని నా దగ్గరే తెడ్డు వేయడం నేర్చుకున్నారు. ఈత వచ్చు. కళ్లకి ఆపరేషన్ అయ్యాక దూరంగా ఉన్న కొంగ ముక్కు రంగు కూడా చెప్పేస్తారు. ఎంత రక్తం చూసినా చలించని మనిషి. లేనిది ఉన్నట్టు చెప్పడం ఆవిడకి చేతకాదు.

ఆ రోజు నాకు గొంతు లేదు. ఆ వారమంతా స్కూల్లో ఆటల పోటీలు. గ్రౌండులో అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. "పోనీలే, ఇవాళన్నా కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అని వదినగారు కారులో నవ్వారు కూడా.

మా ముగ్గురి మెడల్లోనూ ఈలలున్నాయి. ఎవరైనా కనిపించకపోతే ఈల వేయాలి, విన్నవాళ్లు తిరిగి ఈల వేయాలి. అది మా నియమం.

మేం బయల్దేరేసరికి మంచు పల్చగానే ఉంది. కిక్కిస మధ్య నుంచి పోయే పాయలోకి దిగాం. కిక్కిస అంటే కొల్లేట్లో మనిషి ఎత్తుకు మించి పెరిగే రెల్లు. అందులోకి దిగితే పైన ఆకాశం, ముందు నీళ్లు, అంతే. ప్రసాద్ గారు ముందు, వెనకాల నేను, నా వెనక వదినగారు. సగం దూరం వెళ్లామో లేదో, మంచు ఒక్కసారిగా కమ్మేసింది. నా తెడ్డు చివర నాకే కనిపించలేదు.

బయటి నీళ్లలోకి వచ్చి వెనక్కి చూస్తే వదినగారు లేరు.

ఈల వేశాను. జవాబు లేదు. ప్రసాద్ గారు పేరు పెట్టి పిలిచారు. ఎక్కడో గూడబాతులు రెక్కలు కొట్టుకున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. నేను కయాక్ వెనక్కి తిప్పబోతే ఆయన ఆపారు.

"ఆగండి సునీత గారూ. మీరు మళ్లీ లోపలికెళ్తే ఇద్దర్ని వెతకాలండి. ఆవిడ కంగారుపడే మనిషి కాదు కదండీ. గట్టెక్కి ఇక్కణ్ణుంచే ఈల వేద్దాం."

ఆయన చెప్పింది సబబే. పిల్లలకి నేను నేర్పేదీ అదే. కయాక్ గట్టు మీదకి లాగేసి, నిలబడి ఈల వేస్తూనే ఉన్నాను. మా ఆయనకి ఏం చెప్పాలి అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే ఆ ఆలోచన పక్కకి తోసేసి మళ్లీ ఈల ఊదాను. పెదాలు మొద్దుబారిపోయాయి. ఆ సేపంతా ప్రసాద్ గారు నా పక్కనే ఉన్నారు. ఇద్దరం ఒక్క అడుగు కూడా కదలలేదు.

మంచు కాస్త విడుతుండగా తెడ్డు చప్పుడైంది. మేం చూస్తున్న వైపు కాదు, మా వెనక వైపు నుంచి. వదినగారు నింపాదిగా వచ్చి గట్టు పక్కన ఆగారు. మొహంలో భయం లేదు, చిరాకుంది.

"ఏంటి సునీతా, వెనకనుంచి అన్నిసార్లు పిలుస్తుంటే పలకవేంటి? గట్టెక్కే ముందన్నా నా కోసం చూడొద్దా?"

నేను నోరు తెరిచాను. గాలే వచ్చింది.

"ఆవిడ ఇందాకట్నుంచీ నా పక్కనే ఉన్నారండీ" అన్నారు ప్రసాద్ గారు. "మీ కోసమే ఈల వేస్తున్నారు."

వదినగారు ఆయన వంక చూశారు. గట్టు మీదున్న నా కయాక్ వంక చూశారు. తర్వాత నా గొంతు వంక చూసి, చేతిలో తెడ్డు ఒళ్లో పెట్టుకున్నారు.

"మరి నాతో మాట్లాడిందెవరమ్మా?"

ఆవిడ చెప్పింది ఇది. తెడ్డుకి గుర్రపుడెక్క మొక్కలు చుట్టుకుంటే తీసుకోవడానికి ఆగారు. తలెత్తేసరికి ముందు నేను కనిపించాను. పసుపు లైఫ్ జాకెట్, ఎర్ర టోపీ, నా కయాక్. సరేనని వెనకే వచ్చారు. అది మేం వెళ్లిన పాయ కాదని ఆ మంచులో ఆవిడకి తెలియలేదు. మా ఈలలు ఆవిడకి ఒక్కటీ వినిపించలేదు. కొంత దూరం వెళ్లాక పాయ రెండుగా చీలింది. ఎడమ వైపు వెడల్పుగా, శుభ్రంగా ఉంది. ఆవిడ అటు తిప్పబోతే ముందున్న మనిషి మాట్లాడింది.

"'అటు వద్దు వదినగారూ, నా వెనకే రండి' అన్నావు. బాగున్నప్పటి నీ గొంతే. నీకివాళ గొంతు లేదన్న సంగతి అప్పుడు నాకు తట్టనేలేదు. ఇక్కడికొచ్చేసరికి ముందు కనిపించకపోతే గట్టెక్కేశావనుకున్నాను."

అదెక్కడో చూడాలన్నాను, చేతి సైగలతో. మంచు పూర్తిగా విడిపోయాక కయాక్‌లు అక్కడే వదిలి, గట్టు వెంట నడిచాం. దారిలో ఒక రొయ్యల చెరువు కాపలాదారు కనిపిస్తే ఆయన్నీ వెంట తీసుకెళ్లాం. చీలిక దొరికింది. ఎడమ పాయ కొంత దూరం పోయి మలుపు తిరుగుతుంది. ఆ మలుపు అవతల, చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లకి వెళ్లే కరెంటు స్తంభం ఒకటి వాలిపోయి ఉంది. తీగ తెగి నీళ్లలో పడింది. దాని చుట్టూ పరిగె చేపలు పొట్టలు పైకి తేలి తెల్లగా ఉన్నాయి.

"అయ్యబాబోయ్, దగ్గరికెళ్లకండి! రాత్రి కూడా బాగానే ఉందండి ఇది" అంటూ కాపలాదారు లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేశాడు. కరెంటు ఆపేదాకా మేం అక్కడే ఉండి, అటు ఎవరి పడవా రాకుండా చూశాం. వదినగారు మాత్రం గట్టు మీద కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు.

నేను తేలిగ్గా వదిలే మనిషిని కాదు. చీలిక దగ్గర నుంచి ఆ తీగ గానీ, చచ్చిన చేపలు గానీ కనిపిస్తాయేమో అని తర్వాత వెళ్లి, కయాక్‌లో కూర్చుని చూశాను. కనిపించవు. ఆ రోజు ఇంకెవరైనా కయాక్‌లో వచ్చారేమో అని చుట్టుపక్కల అడిగాను. అక్కడ అందరివీ గెడతో నడిపే దోనెలే. కయాక్‌లంటే మావే, మూడంటే మూడే. ప్రసాద్ గారు మంచులో ధ్వని మోసం చేస్తుందన్నారు. చేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఉన్న శబ్దమే కదా అటూ ఇటూ పోయేది? ఆ పొద్దున నా నోటి నుంచి మాటే రాలేదు.

ఆ దారి పూర్తి చేశాం. ఎడమ పాయ వదిలేసి, కుడి పాయ మీదుగా. ఇప్పుడు చాలామంది వెళ్తున్నారు. మేమూ వెళ్తున్నాం, మంచు ఉన్నా సరే.

మొన్నామధ్య మా వంటింట్లో వదినగారు రొయ్యలు ఒలుస్తుంటే, అన్నాళ్లూ అడగనిది అడిగాను.

"ఆ మనిషి వెనక్కి తిరిగిందా వదినగారూ?"

"ఒక్కసారి. ఆ చీలిక దగ్గర."

"నేనేనా?"

"నువ్వే. నీ మొహం నాకు తెలీదా?" ఆవిడ చెయ్యి ఆగలేదు. "కాకపోతే నేను వెనకబడినప్పుడల్లా ఆగింది. నువ్వు ఆగవు కదా."

ఇద్దరం నవ్వుకున్నాం. నేనూ పక్కన కూర్చుని రొయ్యలు ఒలవడం మొదలుపెట్టాను.

ఆ పొద్దున నేను గట్టు మీద ఉన్నాను. అందులో నాకు ఇసుమంత అనుమానం కూడా లేదు. వదినగారి ముందు ఉన్నదెవరో మాత్రం, ఎంత ఆలోచించినా, చెప్పలేకపోతున్నాను.