కెంపి ఎక్కిన రెండు బండ్లు

కుప్పంలో కృష్ణగిరి బస్సు ఎక్కేటప్పటికి ఉదయం ఆరు దాటింది. సంచిలో మూడు జతల బట్టలు, కొలిచే టేపు, టార్చిలైటు, రెండు పికప్ బండ్ల గురించి నెట్లో దొరికిన కాగితాలు ఉన్నాయి. యాత్రకు పోయేవాళ్ళు కెమెరా పెట్టుకుంటారు, నేను టేపు పెట్టుకున్నాను. నా ఉద్యోగం అలాంటిది. నేను బీమా సర్వేయరుని. గుద్దుకున్న బండి కింద దూరి ఏది వంగింది, ఏది విరిగింది అని రాసుకొచ్చేదాన్ని. ఇన్నేళ్ళూ బండ్లను చెడిపోయాకే చూశాను. చెడిపోకముందు చూడమని ఒకరు పిలిస్తే ఎగిరి గంతేసి బయలుదేరాను.

పిలిచింది రేవతి, మా మేనమామ మునిస్వామి కూతురు. ధర్మపురి నుంచి పెన్నాగరం పోయే దారిలో వాళ్ళ ఊరు. తాతల నాటి నుంచీ అక్కడే ఉన్నారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మామకు ఆవులే లోకం. చుట్టుపక్కల వాళ్ళ ఆవులను సంతకూ పశువుల ఆస్పత్రికీ తన బండిలో చేరవేసేవాడు. రెండేళ్ళ కిందట నిండు చూలుతో ఉన్న ఆవునొకదాన్ని తీసుకుపోతుంటే, గుంతల రోడ్డు కుదుపులకు లోపలి దూడ పోయింది. మామ ఆ వారమే బండి అమ్మేశాడు. ఇప్పుడు రేవతి లైసెన్సు తెచ్చుకుని ఆ పని తాను చేస్తానంటోంది. పాడి రైతులు ఆమెకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మామే ఒప్పుకోడు. అడగ్గా అడగ్గా చివరికి ఒక షరతు పెట్టాడు.

"ఆవును ఎక్కించి హొగేనక్కల్ జలపాతం ఘాటు రోడ్డు దిగాలంట వదినా," అంది రేవతి ఫోనులో. "దారిలో ఆవు నెమరు వేస్తే బండి తీసుకోవచ్చునంట. వెయ్యకపోతే బండీ లేదు, పనీ లేదు."

నాకు నవ్వాగలేదు. తర్వాత మా అమ్మ చెబితే తెలిసింది, అది వాళ్ళింటి పద్ధతేనట. తాత ఆవులను సంతకు నడిపించుకుపోయే రోజుల్లో, ప్రతి మజిలీలోనూ మంద నెమరు వేసేదాకా కూర్చునేవాడట. బెదిరిన ఆవు నెమరు వేయదు, బెదిరిన ఆవుతో అడుగు వేయకూడదు అని ఆయన లెక్క. మామ ఆ లెక్కను రోడ్డు మీద నుంచి బండిలోకి ఎక్కించాడు.

కృష్ణగిరిలో దిగి రెండు ఇడ్లీ తిని ధర్మపురి బస్సు పట్టుకున్నాను. సేలం వైపు పోయే బస్సులు వెంటవెంటనే ఉంటాయి, తొందరపడి నిలబడి పోవాల్సిన బస్సు ఎక్కకండి. పక్క సీటులో ఒక పెద్దావిడ ఫోనులో నా తెలుగు విని, "మా ఇంట్లోనూ తెలుగే అమ్మా. చదివేది మాత్రం రాదు," అంది. బండి చూడటానికి పోతున్నానని చెప్పాను. "మా అల్లుడు రంగు చూసి కొన్యాడు. ఇప్పుడు దాన్ని తోసేకి నలుగురు కావాల," అని కిటికీ వైపు తిరిగింది. ఇరవై కాగితాలు చదివిన నాకు ఇంత చక్కటి సమీక్ష ఎక్కడా దొరకలేదు.

తొమ్మిదిన్నరకు ధర్మపురి బస్టాండు. రేవతి స్కూటరుతో సిద్ధంగా ఉంది. అక్కడి నుంచి రెండు షోరూములు తిరిగాం. ఒకటి అదియమాన్‌కోట్టై దారిలో, రెండోది పెన్నాగరం రోడ్డులో. పేర్లు చెప్పను. కొన్నాక ఏమైనా అయితే నన్ను తిట్టుకుంటారు. ఒకటి తెల్లబండి, ఇంకొకటి నీలంబండి అనుకోండి. పది ఊళ్ళ ఆవులవాళ్ళు రేవతి మాట వింటారని షోరూములవాళ్ళకు తెలుసు. అందుకే నడిపి చూసుకోమని రెండు బండ్లూ ఇచ్చారు, పేడ కడిగి ఇవ్వాలన్న ఒప్పందం మీద.

సాయంత్రానికి రెండూ మామ ఇంటి ముందు నిలబడ్డాయి. మామ గుమ్మంలోనే కూర్చుని, "వచ్చినావా పాపా. కాళ్ళు కడుక్కో," అన్నాడు. బండ్ల వైపు తల తిప్పలేదు. రెండు బండ్లు ఇంటి ముందుంటే తల తిప్పకుండా ఉండటానికి ఎంత కష్టపడాలో ఆయన మెడ చూస్తే తెలిసింది.

ముందు లాగుడు చూశాం. చేను దిగువన నీళ్ళ ట్యాంకు ట్రాలీ ఉంది. దాన్ని నింపి, బండి వెనక కొక్కేనికి తగిలించి గట్టు మీదికి లాగించాం. తెల్లబండి ఒక్క ఊపున పైకి తెచ్చింది, ట్యాంకులో నీళ్ళు సగం మా నెత్తిన పోసింది. నీలంబండి మెల్లగా, మధ్యలో ఒకసారి ఆలోచించి, నీళ్ళు ఒలకకుండా తెచ్చింది. కిందికి దూరి చూశాను. తెల్లదాని చట్రం బలం, కుదుపు ఆపే కమాను పట్టీలు గట్టి. రాళ్ళో సిమెంటో మోసేవాళ్ళు కళ్ళు మూసుకుని అదే కొనండి. కానీ ఖాళీగా ఉంటే ఎగురుతుంది, బాడీ కూడా నడుమెత్తు. నీలందాని బాడీ ఒక జానెడు కిందికి ఉంది, పొడుగు ఎక్కువ, పట్టీలు మెత్తన. చూలు ఆవు ఎక్కడానికీ నిలబడటానికీ అదే మేలు. రేవతి మనసు కూడా దాని మీదే ఉంది.

మరునాడు ఉదయం తెల్లబండి వంతు. మామ తన ఎర్రావు కెంపికి కడుపునిండా మేత పెట్టాడు. గడ్డి పరిచిన బాడీలోకి పలక మీదుగా ఎక్కించాడు. బాడీ ఎత్తు వల్ల పలక నిటారుగా ఉంది, కెంపి రెండుసార్లు వెనక్కి తగ్గి మూడోసారి ఎక్కింది. మామ కూడా వెనకే, దాని పక్కన నిలబడ్డాడు. రేవతి నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. పెన్నాగరం దాటాక అడవిలో చెక్‌పోస్టు దగ్గర కాపలా ఆయన ఆపి, ఆవు ఎక్కడికని తమిళంలో అడిగాడు.

"సుమ్మా, ఊరికే బండి చూసేకి," అంది రేవతి.

ఆయన కెంపిని ఎగాదిగా చూసి, "కొనేది ఈమెనా?" అన్నాడు. ఒక విధంగా నిజమే.

ఘాటులో కిటికీలు తీసే ఉన్నాయి. ప్రతి మలుపుకు ముందు వెనక నుంచి మామ గొంతు వినిపించింది: "వంపు వస్తా ఉండాది కెంపీ, గట్టిగా నిలు!" నాలుగో మలుపు దగ్గర వెనక అద్దంలోంచి చూశాను. కెంపి కళ్ళు అరమూసుకుని దవడ ఆడిస్తోంది. నేను చెప్పగానే రేవతి సంతోషానికి హారను కొట్టబోయి, కెంపి బెదురుతుందని ఆగిపోయింది. హొగేనక్కల్‌లో వేడివేడి చేప ముక్కలు తిన్నాం. నూనె మర్దనా చేసేవాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. ఆవును వదిలి కదలనని మామ అనడంతో జలపాతం చప్పుడు మాత్రం విని తిరిగొచ్చాం.

ఆ రాత్రికి మామ మోకాలు బూరెలా వాచింది. "రేపు వెనక ఎక్కితే నేను ఇంట్లో ఉండను," అని అత్త కచ్చితంగా చెప్పేసింది.

అందుకని మూడో రోజు నీలంబండిలో మామ ముందు కూర్చున్నాడు. కెంపి మొదటిసారే ఎక్కేసింది. ఎండ ఎక్కువగా ఉందని ఏసీ వేసుకుని అద్దాలు బిగించాం. ఘాటు మొదలైంది. మామ మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. కెంపి దవడ కదల్లేదు. మలుపుకొకసారి తూలి, కాళ్ళు వెడల్పు చేసి, చెవులు నిక్కబొడుచుకుంది. కిందిదాకా అంతే, మళ్ళీ పైదాకా అంతే. నిన్న లేని నిశ్శబ్దం ఏదో చెవికి తగులుతోంది నాకు. చివరి మలుపులో అర్థమైంది. దానికి వంపులు చెప్పేవాళ్ళు లేరు.

ఇంటికి రాగానే మామ, "తెల్లదే. ఇంక మాట లేదు," అన్నాడు. నేను నోరు తెరిచేలోపు రేవతి నన్ను పశువుల కొట్టం వెనక్కి లాక్కుపోయింది.

"వదినా, నీకు దండం పెడతా. ఏదో ఒక బండి వస్తే చాలు నాకు. నువ్వేమన్నా చెప్తే రెండూ పోతాయి."

ఆమె మాట నిజమేనని తెలుసు. కానీ ఆ ఎత్తు బాడీలోకి రేపు ఒక చూలు ఆవును ఎక్కించాలి. ఖాళీగా ఎగిరే బండి ఒక్క ఆవుతో కూడా ఎగురుతుంది. మళ్ళీ ఒక దూడ పోతే రేవతి తండ్రి ముఖం ఎట్లా చూస్తుంది? నాకు భయమేసింది. రాత్రి అన్నాల దగ్గర చెప్పేశాను.

"మామా, నువ్వు చూసింది రెండు బండ్లను కాదు. నువ్వు వెనకుంటే ఎట్లుంటుంది, లేకపోతే ఎట్లుంటుంది, అది చూసినావు."

మామ చేతిలోని ముద్దను కంచంలో పెట్టేశాడు. "నిజమే పాపా," అన్నాడు. "నేను లేకుంటే ఆవు బెదురుతాది. నా కాలు ఇంక నిలవదు. అట్లైతే రెండూ వద్దు. రేపు తిరిగిచ్చేయండి." రేవతి కంచం ముందు నుంచి లేచిపోయింది. అత్త నా వైపు ఒక చూపు చూసి పెరుగు గిన్నె అవతలికి జరిపింది. ఇంత పని చేసి పొద్దున్నే బస్సెక్కి పోదామనుకున్న నా మీద నాకే విసుగొచ్చింది.

నాలుగో రోజు ఉదయం లేచేసరికి రేవతి నీలంబండిలో గడ్డి పరుస్తోంది. ముఖం ఉబ్బి ఉంది, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "వదినను బస్టాండులో దింపి, బండి ఇచ్చేసి వస్తా. జలపాతం చూడకుండా పోతాదా? ముందు హొగేనక్కల్ పోదాం. కెంపి కూడా వస్తాది, వచ్చేటప్పుడు ఇంట్లో దింపుదాం." మామ తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి ముందు సీటులో కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను మధ్యలో ఇరుక్కున్నాను.

చెక్‌పోస్టు ఆయన కెంపికి సలాము కొట్టాడు. ఘాటు మొదలవగానే రేవతి ఏసీ ఆపి అద్దాలు దించింది. మొదటి మలుపుకు ముందు వేగం తగ్గించి, తల బయటపెట్టి అరిచింది: "వంపు వస్తా ఉండాది కెంపీ, గట్టిగా నిలు!"

గొంతు సన్నం, కానీ మాట అదే, సాగదీత అదే. ఎదురుగా వస్తున్న బస్సులో జనం మమ్మల్ని చూసి నవ్వారు. మామ కదల్లేదు. రెండో మలుపు, మూడో మలుపు. ప్రతిదానికీ ఆమె చెప్పింది. వెనక కెంపి కాళ్ళు ముందుగానే సర్దుకోవడం నేను చూశాను. నెమరు మాత్రం లేదు. కింద దిగాక మామ, "మేత అరగలేదేమో," అని ఒక్క మాట అన్నాడు. అది ఆవును వెనకేసుకు రావడమో, కూతురిని వెనకేసుకు రావడమో తెలియలేదు.

మామను కెంపి దగ్గర వదిలి, రేవతీ నేనూ గుండ్రటి బుట్టలాంటి పుట్టి ఎక్కాం. అక్కడ దాన్ని పరిసల్ అంటారు. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి, సిగ్గుపడకండి. రాతిగోడల మధ్య కావేరి నురగలు కక్కుతుంటే నేను అన్నీ మరిచి అరిచాను. రేవతి మాత్రం నీళ్ళను చూడలేదు, ఒడ్డున నిలిపిన నీలంబండినే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం రెండు గంటలకు తిరుగు ప్రయాణం. ఎక్కుడు మలుపుల్లో రేవతి గొంతు బొంగురుపోయింది, అయినా ఒక్క వంపునూ వదల్లేదు. సగం ఘాటు ఎక్కాక నా భుజం మీద ఏదో బరువుగా వాలింది. తిరిగి చూశాను. మామ తల. నోరు కొంచెం తెరిచి, తువ్వాలు జారిపోయి, గురక పెడుతున్నాడు. బండి అమ్మినప్పటి నుంచి బస్సులో కూడా ముందు కడ్డీ పట్టుకుని కూర్చునే మనిషి. నేను భుజం కదపకుండా వెనక అద్దంలోంచి చూశాను. కెంపి దవడ నింపాదిగా ఆడుతోంది. మోచేత్తో రేవతిని పొడిచాను. ఆమె మొదట వెనక్కి చూసింది, తర్వాత తండ్రిని చూసింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి తీయలేక ముక్కు ఎగబీల్చి, తర్వాతి మలుపుకు గుసగుసగా చెప్పింది: "వంపు వస్తా ఉండాది కెంపీ." నాన్న లేస్తాడని.

నాన్న నిద్ర చెడుతుందని రేవతి ఇంటి దగ్గర కూడా ఆపలేదు. ధర్మపురి బస్టాండు ముందు బండి ఆగితేగానీ మామకు మెలకువ రాలేదు. దిగి, పంచె సర్దుకుని, కెంపి వీపు మీద చెయ్యి వేశాడు.

"మామా, దారిలో కెంపి నెమరు..." అని మొదలుపెట్టాను.

"ఏమిటికి చెప్పేది?" అన్నాడు. "నాకే నిద్ర పట్టింది. ఇంక ఆవును అడిగేదేముండాది?" అని రేవతి వైపు తిరిగి, "రేపు తెల్లదాన్ని ఒక్కదాన్నే ఇచ్చేసి రా," అన్నాడు.

రేవతి బస్టాండులో అందరి ముందూ నన్ను కౌగిలించుకుంది. ఒళ్ళంతా పేడ వాసన. నాకు ఆ చీర ఉతకాలనిపించలేదు.

పోవాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. బస్టాండు దగ్గర లాడ్జీలున్నాయి, హొగేనక్కల్‌కు బస్సులున్నాయి. ముఖాన గులాబీ రంగున్న టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. చేపలు వేయించేటప్పుడు దగ్గర నిలబడండి, వేడివి దొరుకుతాయి. బండి కొనాలనుకుంటే టేపు తీసుకుపోండి, ఒక ఆవునూ, నమ్మకం తొందరగా కుదరని ఒక మామనూ తీసుకుపోండి.

నేనెక్కిన కృష్ణగిరి బస్సు మెత్తగానే పోయింది. సీటు కూడా మంచిదే దొరికింది. కానీ ఆ డ్రైవరు ఒక్క వంపు కూడా ముందుగా చెప్పలేదు. కుప్పం చేరేదాకా నాకు కునుకు పడితే ఒట్టు.