సగం పోగు

మా ఆయన శ్రీశైలం చేతికి తరాజు అక్కర్లేదని ఇబ్రహీంపట్నంలో మా గల్లీ అంతా అనేది. ఆదివారం పన్నెండు ఇండ్లు కలిసి ఒక మేకను తెచ్చుకునేవాళ్లం. జంగయ్య కోసిస్తే, మా ఆయన మోదుగాకుల మీద పన్నెండు పోగులు పెట్టేవాడు. ప్రతి పోగులో ఇంత కండ, ఇంత బొక్క, ఇంత కార్జం. అందరూ తీసుకున్నాక మిగిలిన పోగు మాది. ఆయన సంబరమంతా అదే. ఏ పోగు మిగిలినా ఒక్కటే కదా అనేవాడు.

మన్నెగూడ దగ్గరి మా పొలం ప్లాట్లయ్యాక ఆయన ఆదిభట్లలో కంపెనీ బస్సు నడిపాడు. దున్నిన మనిషి పొద్దంతా సీటు మీద కూర్చున్నాడు. పండుగలకు తినే కూర ఆదివారానికొచ్చింది, తర్వాత బుధవారానికీ వచ్చింది. వండింది నేనే. నేను కూడా వద్దని ఎన్నడూ అనలేదు.

ఒకరోజు మెట్లెక్కుతుంటే ఆయనకు ఛాతి పట్టేసింది. రక్తంలో కొవ్వు పెరిగిందని, మాంసం బాగా తగ్గించమని దవాఖానలో చెప్పారు. తొమ్మిది చదివే మా బిడ్డ లిఖిత కూడా అందుకుంది.

"బాపూ, కిలో మాంసానికి వేల లీటర్ల నీళ్లు పడ్తయని మా సారు చెప్పిండు."

"గందుకేనా మన బోరు ఎండింది?" అని నవ్వాడు.

నవ్వాడు గానీ ఆ మాట ఆయనలో ఉండిపోయింది. రెండు రోజులకు అన్నం ముందు కూర్చుని అన్నాడు: "మన గట్ల మీద మేసిన మేకలను తింటుంటిమి. ఇప్పుడు గట్టు లేదు, మేత లేదు. యాడికెల్లో లారీల తెస్తున్నరు. గింత తినాల్నా మనం? ఇగ ఇంటికి సగం పోగు చాలే."

ఆ ఆదివారం సగమే తీసుకుని, మిగతా సగం అమ్ముకొమ్మని జంగయ్యకు వదిలేశాడు.

మా గల్లీలో ఆదివారం కూర గిన్నెలు ఇంటింటికీ తిరుగుతాయి. ఆ రోజు పక్కింటి నిర్మలక్కకు నేను పంపిన గిన్నెలో మూడు ముక్కలే ఉన్నాయి. ఆమె వాకిట్లోంచే అరిచింది.

"ఏమే సునందా, చారు పంపినవా, కూర పంపినవా? పొలం అమ్ముకున్నోళ్లు గింతనే తింటరా?"

నలుగురూ నవ్వారు. ఆమె కడుపులో ఏమీ ఉండదు, మాటే అంత. నాకే తల తీసేసినట్టయింది.

పై ఆదివారం, ఆయన స్నానానికి పోగానే, జంగయ్య దగ్గరికెళ్లి, ఆయన వదిలేసిన సగాన్నీ కొని కొంగు కింద పెట్టుకుని తెచ్చాను. రెండూ ఒకే గంజులో వేశాను. నిర్మలక్కకు గిన్నె నిండా పంపాను. ఆయన కడుపు నిండా తిని మురిసిపోయాడు.

"చూసినవానే, సగం పోగు ఎంత బరకతయిందో!"

ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. ఆయన అందరికీ చెప్పుకున్నాడు. ఆయన మాట విని మరో అయిదిండ్లు సగానికి దిగాయి. అలా ఏడాది గడిచింది. ఒక పొద్దున డ్యూటీకి బయల్దేరి గడప దగ్గరే కూలిపోయాడు. గుండె అన్నారు. తిండి వల్లనేనా అని నేను డాక్టరును అడగలేదు. అడిగితే నేను చేసింది చెప్పాలి.

ఆయన పోయిన అయిదో నెలలో నిర్మలక్క వచ్చింది. ఆమె భర్త దేవేందర్‌కూ కొవ్వు పెరిగిందట.

"సగం తెస్తే మాకు సాల్తలేదే. మల్ల తెప్పిస్తున్న. మీ ఇంటికి ఎట్ల సాలిచ్చినవ్? జర చూపియ్యవే, నీకు పుణ్యముంటది."

నాకేం తెలుసు? నేనెన్నడూ చేయలేదు. కాదనలేక పోయాను. వాళ్ల వంటింట్లో సగం పోగును చిన్న ముక్కలు చేసి, శనగపప్పు, సొరకాయ వేసి దాల్చా పెట్టాను. సరిపోవద్దని లోపల మొక్కుకున్నాను. సరిపోకపోతే నా తప్పు కొంతైనా తగ్గుతుందనిపించింది.

అయిదుగురు తిన్నారు. దేవేందరన్న పళ్లెం తుడుచుకుని తిన్నాడు.

"శ్రీశైలమన్న చెప్తే నమ్మకపోతిమి. ఆయన చెప్పింది నిజమేనే" అంది నిర్మలక్క.

"ఆయనది నిజమే అక్కా. నాదే అబద్ధం."

ఆమె చేతిలో గంటె ఆగింది. "అంటే?"

"ఇయ్యాలనే మొదటిసారి సగం వండిన."

"మరి మాకు పంపిన గిన్నెలు?"

"జంగయ్య కాడికెల్లి దొంగతనంగ తెచ్చిన సగంల నుంచి. నువ్వు మల్ల నవ్వుతవని."

నిర్మలక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. పొయ్యి మీద గంజులో ఇంకా ఇద్దరికి సరిపడా కూర ఉంది.