మనోరంజితానికి మంచినీళ్ళు

సోమశిల డ్యాము నీళ్ళు మా ఊరి మీదికి వస్తాయని తెలిశాక అందరూ తలుపులు, దూలాలు, వాసాలు పీక్కున్నారు. మా అవ్వ మాత్రం చెట్టు పీకింది.

వానలు పడేలోగా ఖాళీ చెయ్యమన్నారు. మండే ఎండాకాలం. చెట్టును కదిలించడానికి అంతకన్నా చెడ్డకాలం ఉండదు. ఆ సంగతి అవ్వకు తెలియదా? పెన్న ఒడ్డున, ఆ ఎండల్లో సంపెంగను, మనోరంజితాన్ని సాకిన చెయ్యి ఆమెది. కానీ ఎండాకాలంలో చెట్లను, ముసలివాళ్ళను పెకలించకూడదని నోటీసు అంటించిన దొరలకు ఎవరు చెప్పాలి?

మనోరంజితం చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. ముళ్ళున్న గుబురు తీగ, ఆకుల్లో కలిసిపోయే పచ్చటి పువ్వు. ఆ పువ్వు పసుపు తిరిగిందంటే మాత్రం వీధంతా వాసనే. ఏ పండును తలుచుకుని వాసన చూస్తే ఆ పండు వాసన వస్తుందనేవాళ్ళు. పిల్లలం మామిడని ఒకరం, పనసని ఒకరం పోట్లాడుకునేవాళ్ళం. అవ్వ ఏం తలుచుకునేదో మేమెప్పుడూ అడగలేదు.

అవ్వకు మా నాయన తర్వాత పుట్టిన మగబిడ్డ పాలు తాగే వయసులోనే పోయాడు. పళ్ళు రాని బిడ్డను కాల్చరు. మా వైపు కొన్ని ఇళ్ళలో ఊరి బయటికి కూడా పంపరు, పెరట్లోనే పాతిపెడతారు. ఆ చోటనే అవ్వ మనోరంజితం నాటింది. బిడ్డకు గుర్తుగా ఆమెకు మిగిలింది అదొక్కటే.

"ఈ ఎండకు అది బతకదమ్మా. కాలనీలో కొత్తది పెట్టుకుందువులే" అన్నాడు నాయన.

"కొత్తది నేనేం చేసుకునేదిరా? దీని వేళ్ళకు వాడి మట్టి ఉండాది" అంది అవ్వ.

తీగలన్నీ కొట్టేయించింది. ఇనుము తగిలితే వేళ్ళు తెగుతాయని, ఎ.ఎస్.పేట దర్గా దగ్గర కొన్న ఉదయగిరి కొయ్య గరిటెతో చుట్టూ మట్టి తోడింది. వేళ్ళు పట్టుకున్న మట్టిని రాలనివ్వకుండా తడిగోనెలో చుట్టి, లారీలో వాసాల మధ్య కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. ఆత్మకూరు దగ్గర మాకు చూపించిన కాలనీ చేరేదాకా ఆ గోనె మీంచి చెయ్యి తియ్యలేదు.

పేరుకే కాలనీ. నీడనేదే లేదు. మా సామాన్లు ఇంకా బయటే ఉండగానే అవ్వ గుంట తవ్వించి చెట్టు నాటింది. చుట్టూ కర్రలు పాతి, తాటాకులు కప్పి చెట్టుకొక పాక వేసింది. మాకు అప్పటికింకా కప్పు పడలేదు. కుండ అడుగున బెజ్జం చేసి, గుడ్డపేలిక దోపి, మొదలు పక్కన పాతింది. బోరింగు నీళ్ళు దాన్నిండా పోస్తే చెమ్మ మెల్లగా వేళ్ళకు దిగుతుంది. మోడు చిగురేసింది. ఆ రోజు అవ్వ మా అందరినీ పిలిచి చూపించింది, పురిట్లో బిడ్డను చూపించినట్టు. అంత సంబరం ఆమె ముఖంలో నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత ఆకుల అంచులు మాడటం మొదలైంది. ఎండదెబ్బ అంది అవ్వ. పాక మీద ఇంకో వరస తాటాకు కప్పింది, కుండ ఎండకుండా నీళ్ళు పోసింది. ఆకులు ఇంకా మాడాయి. ఆమె ఇంకా పోసింది. పెన్న ఒడ్డు మనిషికి నీళ్ళంటే నీళ్ళే, అవి చెట్టును చంపుతాయని కలలోనైనా అనుకోదు. ఆ బోరింగు నీళ్ళలో పప్పు ఉడకదని ఇంటిల్లిపాదికీ తెలుసు. వంటకు, తాగడానికి దూరపు బావి నుంచి మంచినీళ్ళు మోసుకొచ్చేవాళ్ళం. కుండ మూతి, చుట్టూ నేల సున్నం కొట్టినట్టు తెల్లబడ్డా ఎవరికీ తట్టలేదు.

చివరికి ఒక పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ నోట వచ్చింది. "పప్పే ఉడకని నీళ్ళు చెట్టుకెట్ట పడతాయత్తా?"

అవ్వ చేతిలో చెంబు అట్టే ఉండిపోయింది. "నా చేత్తో ఉప్పు పోసినానా వాడికి?" అంది.

ఆ రోజు నుంచి తన వంతు మంచినీళ్ళు సగం చెట్టుకే పోసింది. దప్పికతో పెదాలు పగిలినా వినలేదు. చెట్టు దక్కలేదు. మాకు ఆ ఉప్పునేల చూపించి వెళ్ళినవాళ్ళ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

వానలు పడి డ్యాము నిండిందని విని, చూపించమని అవ్వ పట్టుబట్టింది. నాయన, నేను బస్సులో తీసుకుపోయాం. కనుచూపు మేర నీళ్ళే. మా ఊరెక్కడుందో గుర్తుపట్టలేక నాయన ఒక కొండను ఆనవాలుగా పెట్టి, అదుగో ఆ దిక్కున అన్నాడు. అవ్వ ఏడవలేదు. మోకాళ్ళ లోతు దిగి, ఇంటి నుంచి తెచ్చిన ఇత్తడి బిందె ముంచింది.

"డ్యామంతా మోసకపోతుండావా ఏంది అవ్వా?" అని తిరుగు బస్సులో కండక్టరు నవ్వాడు. ఒక్క చుక్క తొణకకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇల్లు చేరాక లోపలికి రాలేదు. నేరుగా పాక దగ్గరికి పోయి, ఎండిన మోడు పక్కన చతికిలబడి, దాని మొదలు దగ్గర కొంచెం కొంచెంగా బిందె వంచింది.

"తాగు నాయనా. ఇవి మనూరి నీళ్ళే."