చెల్లెలి కొలతలు

ఆ దర్జీకి చెల్లెలంటే ప్రాణం. తల్లి పోయాక జడలు వేసి, గౌన్లు కుట్టి తనే పెంచాడు. ఆమె వేరే మతం కుర్రాణ్ణి పెళ్ళాడి, అతని దేవుడికే మొక్కడం మొదలుపెట్టాక మాత్రం మాటలు మానేశాడు. ఉన్నది ఒకే ఊళ్ళో అయినా ఏళ్ళు గడిచిపోయాయి.

ఒకరోజు ఆమె పట్టుగుడ్డతో, కూతురితో దుకాణం మెట్లెక్కింది.

"అన్నయ్యా, దీనికి పెళ్ళి కుదిరింది. మేనమామ కుట్టిన బట్టలే కట్టుకుంటానని మొండికేసింది."

దర్జీ మిషను ఆపలేదు. "మీ ప్రార్థనల పెళ్ళికి నా కుట్టు పనికొస్తుందా?"

"అమ్మ ప్రార్థనలో రోజూ మొదట నీ పేరే మావయ్యా," అంది మేనకోడలు. "తర్వాతే నాన్న పేరు. అందుకాయన అలుగుతాడు కూడా!"

మిషను ఆగింది. దర్జీ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. టేపు తీసి పిల్లకు కొలతలు తీసుకున్నాక, "నువ్వూ రావే," అని చెల్లెల్ని పిలిచాడు. "పెళ్ళికూతురి తల్లివి, పాత జాకెట్టుతో నిలబడతావా?"

టేపు చుట్టి నోరెళ్ళబెట్టాడు. "పొడుగవుతావనుకుంటే అడ్డంగా పెరిగావేంటే!"

ఆమె అతని భుజం మీద ఒక్కటి వేసి, నవ్వుతూనే ఏడ్చేసింది.

పెళ్ళిలో అతన్ని ముందు వరుసలోనే కూర్చోబెట్టారు. ఎప్పుడు లేవాలో తెలియక దిక్కులు చూస్తుంటే చెల్లెలి మొగుడు చొక్కా పట్టుకుని లేపేవాడు. చివర్లో దర్జీ మేనకోడలి కోసం తన దేవుడి ప్రార్థన లోలోపల చదువుకుంటున్నాడు. పెదవులు కదలడం చూసి చెల్లెలి మొగుడు చెవిలో అన్నాడు:

"గట్టిగానే చదవండి బావగారూ, మేమూ వింటాం."