మైకు అందుకున్న యాదలక్ష్మి

తలనొప్పి వచ్చే ముందు యాదలక్ష్మి ఎడమ కంటి ముందర గాజుపెంకుల్లాంటి మెరుపులు కదిలేవి. కాసేపటికి కణతలో పోటు మొదలై మెడ వెనక దాకా పాకేది. సిద్దిపేటలో ఆమెకు చిన్న లేడీస్ టైలర్ షాపు ఉంది. మెరుపులు కనబడగానే కుట్టు మిషను ఆపేసి, షటరు సగం దించి, గుడ్డపీలికల మధ్యే పడుకునేది. వాంతి అయితే గానీ తెరిపి ఉండేది కాదు.

ఇంట్లో దీనికి పెట్టిన పేరు నకరాలు. “అందరికీ తలకాయ నొస్తది. నీకొక్కదానికే పనులు ఆగుతయా?” అనేవాడు ఆటో నడిపే భర్త భూపతి. అన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది. నోరు తెరిస్తే పోటు ఎక్కువవుతుందని పళ్లు బిగించి ఊరుకునేది.

దవాఖానలో డాక్టరమ్మ మాత్రం ఆమె చెప్పిందంతా విన్నది. ఇది మైగ్రేన్ అని, రోజూ వేసుకొమ్మని మాత్రలు రాసింది. “నొప్పి లేని రోజు గూడ వేసుకోవాలె. నన్ను అడగకుండ బందు పెట్టకు” అని గట్టిగా చెప్పింది. మాత్రలతో నొప్పి తగ్గి, ఆ ఎండాకాలం యాదలక్ష్మి గిరాకీల పెళ్లి బట్టలు చెప్పిన రోజుకే కుట్టి ఇచ్చింది.

అప్పుడే భూపతి అక్క విజయరాణి మనిషికి మనిషిని చేర్పిస్తూ సరుకు అమ్మే ఒక గొలుసుకట్టు కంపెనీలో చేరింది. విటమిన్ పొడి డబ్బా పట్టుకొని తమ్ముడింటికి వచ్చింది.

“ఇంగ్లీషు మందులు కిడ్నీలు కరాబు చేస్తయే. ఇది ఉత్త విటమిన్. ఇది తాగి, ఆ గోలీలు పారెయ్యి.”

“డాక్టరమ్మ బందు పెట్టొద్దన్నది వదినె.”

“అక్క మన మంచికే చెప్తది” అంటూ భూపతి మాత్రలు తీసుకెళ్లి ఇంటి ముందు మోరీ కాలవలో పడేశాడు. యాదలక్ష్మి నిలబడి చూసింది. ఇంట్లో గొడవెందుకని పొడి కలుపుకొని తాగింది.

కొన్నాళ్లకే నొప్పి మునుపటికంటే మొండిగా తిరిగొచ్చింది. ఒకరోజు కోహెడ ఊరి పెళ్లికూతురి జాకెట్టు కుడుతూనే కళ్లు తిరిగి మిషను మీద పడింది. పెదవి చీలింది. విజయరాణికి చెబితే, “ఒంట్ల ఉన్న చెడంత బయటికి పోతున్నది. ఇంకో చెంచా ఎక్కువ తాగు” అంది.

ఆ ఆదివారం ఫంక్షన్ హాల్లో కంపెనీ మీటింగు. ఊరికే వచ్చి కూర్చుంటే చాలని వదినె భూపతి ఆటోలోనే తీసుకెళ్లింది. వేదిక మీద కోటు వేసుకున్న కంపెనీ లీడరు ఓంప్రకాశ్ మాట్లాడుతుండగా వెనక తెర మీద యాదలక్ష్మి ఫోటో పడింది. భూపతి ఫోన్లోదే. కింద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: మా పొడితో మైగ్రేన్ మాయం. చప్పట్లు మోగాయి. ఓంప్రకాశ్ ఆమెను పైకి పిలిచి మైకు చేతికిచ్చాడు.

చీలిన పెదవి ఇంకా మానలేదు. ఆమె మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

“గా ఫోటోల ఉన్నది నేనే. నా నొప్పి పోలే. డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు వీళ్ల మాట విని మోరీల పారేసిన్రు. నొప్పి పెరిగిందంటే ఇంకో చెంచా తాగుమన్నరు.”

“అమ్మా, టైమయింది” అంటూ ఓంప్రకాశ్ మైకు కోసం చెయ్యి చాపాడు.

“ఆగు. నా తలకాయ గురించి నువ్వు ఇంతసేపు మాట్లాడినవ్. నేను మాట్లాడొద్దా?”

వెనక వరుసలో తొగుట నుంచి వచ్చిన ఒకామె లేచింది. “మా బాపును బీపీ గోలీలు బందు పెట్టుమన్నరు. మరి గదెట్ల?” ఇంకెవరో లేచారు. విజయరాణి కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని బయటికి నడిచింది.

“అక్క పరువు తీసినవ్” అన్నాడు భూపతి ఆటోలో.

“నా గోలీలు మోరీల వేసిననాడు ఏడ పోయింది మీ పరువు?”

అతను ఆటో వేగం పెంచాడు.

మర్నాడు దవాఖానలో యాదలక్ష్మి అడిగింది. “విటమిన్లన్నీ మోసమేనా మేడం?”

“కాదు. బీ టూ అనే విటమిన్ పెద్ద మోతాదుల వాడితే కొందరికి తలనొప్పి వచ్చుడు తగ్గుతది. అందరికీ కాదు. మూడు నెలలన్న చూడాలె. అదిగూడ మేం చూసి ఇయ్యాలె” అంది డాక్టరమ్మ. యాదలక్ష్మి తెచ్చిన పొడి డబ్బా తిప్పి చదివింది. “ఈ పొడిల అది నామమాత్రమే ఉన్నది.”

ఆ మాటతో యాదలక్ష్మి కోపం రెట్టింపయింది. ఉత్త అబద్ధమైతే ఎప్పుడో పసిగట్టేదాన్ని కదా అనుకుంది. వాళ్లు కాస్త నిజం చూపించి, దాని చాటున తన మందు లాక్కున్నారు.

పాత మాత్రతో పాటు డాక్టరమ్మ ఇచ్చిన విటమిన్ కూడా మొదలుపెట్టింది. మూత్రం పసుపుపచ్చగా వస్తే బెదిరి దవాఖానకు పరుగెత్తింది. ఆ విటమిన్‌తో అట్లనే అవుతుందని డాక్టరమ్మ నవ్వి పంపింది. వానాకాలం ముగిసేసరికి నొప్పి రావడం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఏ మందు పనిచేసిందో ఆమెకు తెలియదు. విజయరాణి మాత్రం ఇప్పటికీ మాట్లాడదు.

మొన్న మళ్లీ పోటు వచ్చి పడుకున్నప్పుడు నారాయణరావుపేట నుంచి బట్టలు కుట్టించుకునే గిరాకీ ఒకామె ఫోన్ చేసింది. భూపతి ఎత్తాడు. “ఆమెకు మైగ్రేన్ ఉన్నదమ్మా. ఇయ్యాల కాదు, ఎల్లుండి రాండ్రి.”

చీకటి గదిలో యాదలక్ష్మికి ఆ మాట వినబడింది. మనసు కరగలేదు. నకరాలు అనకుండా ఆ ఒక్క ముక్క అతని నోట రావడానికి పెళ్లయిన ఇన్నేళ్లు పట్టిందా అనుకుంటూ, కణత నొక్కుకొని గోడవైపు తిరిగి పడుకుంది.