మాస్కు ఉంటేనే తిట్టు

తిరుపతిలో ఆ వీధివాళ్ళకు మునిరామయ్య ఇస్త్రీ కంటే ఆయన నోరే బాగా తెలుసు. ఏటా గంగమ్మ జాతరకు ఒళ్ళంతా బొగ్గుపొడి పూసుకుని, వేపమండలు పట్టుకుని తోటివేషం కట్టేవాడు. వేషం కట్టినవాడు తిడితే ఎవరికీ కోపం రాదు. పీడ పోయిందని సంతోషిస్తారు. ఆయన తిట్టు కోసం ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని మరీ ఎదురొచ్చేవాళ్ళు. వేషం కడిగేసుకుంటే మాత్రం మెతక మనిషి.

కరోనా వచ్చిన ఏడు జాతరలో వేషాలు లేవు. పెద్ద మార్కెట్టు మూసి, కూరగాయల బండ్లను వీధులకు పంపారు. నాలుగు బండ్లు వచ్చి ఆయన ఇంటి ముందే ఆగాయి. పొద్దున్నే జనం అరుగెక్కి, కిటికీ ఊచలు పట్టుకుని టమోటాలు బేరమాడేవాళ్ళు. ఆ కిటికీ లోపలే కాన్పుకు వచ్చిన కూతురు అమల ఉంది. నెలలు నిండాయి, జనానికి దూరంగా ఉంచమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కిటికీ మూస్తే గాలి ఆడదు. తెరిస్తే వీధిలోని దగ్గులూ తుమ్ములూ గదిలోకే.

మునిరామయ్య బతిమాలాడు, దండం పెట్టాడు. ఎవరూ కదల్లేదు. ఒకనాడు ఒకాయన మాస్కు దించి మరీ కిటికీలోకి తుమ్మాడు. అంతే, వేషం లేకుండానే పూనకం వచ్చింది.

"గొంతుకు కట్టుకునేదానికి మాస్కేమన్నా తాళిబొట్టు అనుకున్నావంట్రా? పసువుల పండగలో కోడె కొమ్ముల పలక పీక్కునేదానికి ఎగబడినట్టు మీదమీద పడతా ఉండారే, ఆ కోడె యాడుందిరా ఈడ?"

జనం వెనక్కి పోలేదు. ఇంకా దగ్గరికొచ్చారు.

"మునిరామయ్య తిడతా ఉండాడంట, రాండి!" పక్కవీధి కూడా కదిలింది. జాతర లేక అందరూ తిట్టుకు మొహంవాచి ఉన్నారు. పూలమ్మే గంగులమ్మ జనాన్ని తోసుకుని అరుగెక్కింది. "మామా, నన్నొక మాట అను. ఈ ఏడు ఏందో బాగలేదు."

"ఓసి నీ పూలబుట్టకు చీమలు పట్టా, పోవే దూరంగా!"

"సాలు మామా, సల్లగా ఉండాది," అని అక్కడే నిలబడింది.

మునిరామయ్య లోపలికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. అమల కడుపు పట్టుకుని నవ్వింది. "నాయనా, నీ తిట్టుకు ఇంత గిరాకీ ఉంటే ఊరికే ఎందుకు ఇస్తా ఉండావు?"

మర్నాడు అరుగుకు బాగా దూరంగా ముగ్గుపిండితో గళ్ళు గీసి, తనూ మాస్కు పెట్టుకుని ఇస్త్రీ బల్ల ఎక్కాడు.

"గడిలో నిలబడి ముక్కూ నోరూ మూసుకున్నోళ్ళకే తిట్టు. గడి దాటినోళ్ళను 'అండీ' అంటా. మీ ఇష్టం."

గంగులమ్మ గడి దాటింది.

"గంగులమ్మగారూ, తమరు క్షేమమే కదండీ?"

వీధంతా గొల్లుమంది. "నేనేం పాపం చేసినా మామా!" అంటూ ఆమె ఒక్క గంతులో గడిలో పడి మాస్కు సరిచేసుకుంది. ఆనాటి నుంచి కిటికీ ధైర్యంగా తెరుచుకుంది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం మునిరామయ్య గొంతు గరగరలాడింది.

"అరిసి అరిసి పట్టుకునుంటాది," అంది భార్య లోకేశ్వరి.

"కాకపోతే? లోపల బిడ్డ ఉండాది."

కరోనా పరీక్ష చేయించుకుని, ఎదురుగా ఉన్న ఇస్త్రీ కొట్లోకి మకాం మార్చాడు. లోకేశ్వరి గడప బయట పళ్ళెం పెట్టి ఇవతలికొచ్చాకే తీసుకునేవాడు. గొంతు పూర్తిగా పోయింది. తిట్టేవాడు లేడని తెలిసి జనం మెల్లగా గళ్ళు చెరిపారు. దొరస్వామి టమోటా బండి ఏకంగా కిటికీ కిందికి చేరింది. మునిరామయ్య కొట్టు గుమ్మంలో చేతులు ఊపాడు, ఎవరూ చూడలేదు. వెళ్ళి అడ్డం పడదామంటే, ఒకవేళ జబ్బుంటే అంటించేది తానే.

అప్పుడు ఇంటి తలుపు తెరుచుకుంది. ఎవరినీ గట్టిగా పలకరించి కూడా ఎరగని లోకేశ్వరి, మాస్కు పెట్టుకుని, కొంగు దోపి అరుగు మీద నిలబడింది.

"ఏమిరా దొరస్వామీ, బండికి బుద్ధి లేదు సరే, తోసేవానికీ లేదా? నా బిడ్డ కిటికీలో టమోటాలు పండినాయా, కోసకపోను వచ్చినావు? మిగతావోళ్ళు ఏం సూస్తా ఉండారు? ముక్కులేమన్నా తిరణాలకు వచ్చినాయా, గాలికి పెట్టుకుని తిప్పుతా ఉండారు?"

బండి వెనక్కి పోయింది. జనం చెరిగిన గళ్ళు వెతుక్కుని మరీ నిలబడ్డారు.

"అత్తా, నాకొకటి!" అంది గంగులమ్మ.

"నీకు రేపు. ముందు మాస్కు పైకి లాగు."

కొట్లోంచి మునిరామయ్య అంతా విన్నాడు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఈ నోరు వినకుండా ఎలా బతికాడో అర్థం కాలేదు. వినలేదు కాబట్టే బతికాడేమో అని కూడా అనిపించింది.

పరీక్షలో జబ్బేమీ లేదని వచ్చింది. అరుపులకు గొంతు పోయిందంతే. ఆ వారంలోనే అమలకు ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చిన పొద్దున వీధంతా మాస్కులతో గళ్ళలో నిలబడింది. లోకేశ్వరి కిటికీ లోపల నుంచి పాపను ఎత్తి చూపించింది. గొంతు తిరిగొచ్చిన మునిరామయ్య పక్కనే నిలబడ్డాడు.

"మామా, అత్తా, పాపకు దిష్టి తగలకుండా ఒక తిట్టు తిట్టండి!" గడిలోంచే అరిచింది గంగులమ్మ.

వీధి చెవులు రిక్కించింది. ఇద్దరూ పాపను చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు, నోరు తెరిచారు. ఒక్క తిట్టూ రాలేదు.